డయాలసిస్‌కు ముందు పథ్యం వేరు, మొదలయ్యాక వేరు

క్లుప్తంగా: కిడ్నీలు దెబ్బతింటున్న దశలో తగ్గించమన్న ప్రొటీన్‌ను డయాలసిస్ మొదలయ్యాక దాదాపు రెట్టింపు చేయాలి. నీళ్ల కంటే ముందు కట్టడి చేయాల్సింది ఉప్పును. పొటాషియం విషయంలో ఏం తిన్నారన్నది ఎంత ముఖ్యమో, ఎలా వండారన్నదీ అంతే ముఖ్యం. ఫాస్ఫరస్‌ను డయాలసిస్ మెషిన్ పూర్తిగా తీయలేదు కాబట్టి దాన్ని పేగుల్లోనే పట్టుకునే మాత్ర అన్నంతో పాటే పడాలి. అతిగా తినడం ఎంత ప్రమాదమో, భయంతో తినకపోవడమూ అంతే ప్రమాదం. కింది లెక్కలు 60 కిలోల మనిషికి వేసినవి. ఎవరి కొలతలు వారి రక్తపరీక్షలను బట్టి నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు), డైటీషియన్ మార్చాల్సిందే.

"పప్పు ముట్టొద్దు, మాంసం వద్దు, పండ్లు వద్దు, నీళ్లు వద్దు." కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో వినిపించే జాబితా ఇది. ఇందులో కొంత నిజం, కొంత పాత నిజం. క్రియాటినిన్ (కిడ్నీలు రక్తంలోంచి తీసేయాల్సిన ఒక వ్యర్థం) పెరుగుతోందని తొలిసారి తెలిసినప్పుడు ఇచ్చిన పథ్యం చీటీనే డయాలసిస్ మొదలై ఏడాది దాటినా పాటిస్తున్న కుటుంబాలున్నాయి. కిడ్నీలో రాళ్లున్నవారికి చెప్పే "బాగా నీళ్లు తాగండి, బార్లీ తాగండి, అరటి దూట రసం మంచిది" అన్న సలహాలూ ఇందులోనే కలిసిపోతుంటాయి. రాళ్లకు మేలు చేసేది డయాలసిస్ రోగికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేస్తుంది. మూత్రం రాని మనిషిలో ఆ నీరూ, ఆ రసంలోని పొటాషియమూ బయటికి పోయే దారి ఉండదు.

మెషిన్ ఏం తీయగలదు, ఏం తీయలేదు

వారానికి 168 గంటలు. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు అన్ని గంటలూ పనిచేస్తాయి. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల చొప్పున, రక్తాన్ని మెషిన్ గుండా తిప్పి శుభ్రం చేసే హీమోడయాలసిస్ 12 గంటలు పనిచేస్తుంది. రెండుసార్లే చేయించుకునేవారికి అది 8 గంటలే. మన దగ్గర దూరం వల్లో, ఖర్చు వల్లో, పడకల కొరత వల్లో రెండుసార్లతో సరిపెట్టుకునేవారు చాలామంది. 2016లో ప్రకటించిన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం, రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య పథకాలు చికిత్స ఖర్చును చాలావరకు మోస్తున్నాయి. తిండి సంగతి మాత్రం ఇంటికే మిగులుతోంది.

ఆ కొద్ది గంటల్లో మెషిన్ అన్నింటినీ ఒకేలా తీయదు. యూరియా చిన్న అణువు, సులభంగా పోతుంది. పొటాషియం కూడా రక్తంలో ఉన్నంతవరకు బాగానే పోతుంది. కానీ శరీరంలోని పొటాషియంలో అధికభాగం కణాల్లోపలే ఉంటుంది. మెషిన్ ఆపాక కొన్ని గంటల్లో అది మళ్లీ రక్తంలోకి ఊరుతుంది. ఫాస్ఫరస్ ఇంకా మొండిది. మొదటి గంట, గంటన్నరలో రక్తంలోది తగ్గిపోతుంది, ఆ తర్వాత కణాల నుంచి, ఎముకల నుంచి నెమ్మదిగా వచ్చేదాన్ని మాత్రమే మెషిన్ తీయగలదు.

ఇక చెత్తతో పాటు సరుకూ పోతుంది. డయాలసిస్ పొరకు మంచీ చెడూ తెలియవు, అణువు పరిమాణమే దానికి లెక్క. ఒక్కో సెషన్‌లో సుమారు 6 నుంచి 12 గ్రాముల అమైనో ఆమ్లాలు, వాటితో పాటు నీటిలో కరిగే బి, సి విటమిన్లు కొట్టుకుపోతాయి.

ప్రొటీన్: పథ్యం తిరగబడే చోటు

డయాలసిస్‌కు ముందు దశలో ప్రొటీన్ తగ్గించడానికి కారణం తేలికే. ప్రొటీన్ అరిగితే యూరియా వంటి వ్యర్థాలు పుడతాయి, మిగిలిన కొద్దిపాటి కిడ్నీపై భారం పెరుగుతుంది. అందుకే ఆ దశలో, షుగర్ లేనివారికి కిలో బరువుకు రోజుకు 0.55–0.6 గ్రాములు, షుగర్ ఉన్నవారికి 0.6–0.8 గ్రాములు చాలంటారు. డయాలసిస్ మొదలైతే వ్యర్థాన్ని తీసే పని మెషిన్‌ది. పైగా అది అమైనో ఆమ్లాలను లాగేస్తుంది, రక్తం ప్లాస్టిక్ గొట్టాల్లో తిరగడం వల్ల శరీరంలో కొద్దిపాటి వాపు ప్రక్రియ రగిలి కండరం కరుగుతుంది. అందుకే లక్ష్యం కిలోకు 1.0–1.2 గ్రాములకు ఎగబాకుతుంది. 60 కిలోల మనిషికి మొదట 36 గ్రాములన్నది ఇప్పుడు 60–72 గ్రాములు.

ఈ అంకెను కంచంలోకి తెస్తే ఇలా ఉంటుంది. ఉదయం మూడు ఇడ్లీలు, రెండు గుడ్ల తెల్లసొన: సుమారు 13 గ్రాములు. మధ్యాహ్నం 100 గ్రాముల బియ్యంతో వండిన అన్నం, 25 గ్రాముల కందిపప్పు, ఒక కూర, ఒక పూర్తి గుడ్డు, 100 గ్రాముల పెరుగు: 24 గ్రాముల పైచిలుకు. సాయంత్రం ఉప్పు లేని మరమరాలు: 2 గ్రాములు. రాత్రి మూడు చపాతీలు లేదా కొంచెం అన్నం, 75 గ్రాముల (పచ్చిది తూచినప్పుడు) చికెన్ లేదా చేప, ఒక కూర: 23–25 గ్రాములు. మొత్తం 62–64. ఇందులో విందు భోజనం ఏమీ లేదు, రోజూ తినే తిండే. కానీ గుడ్డు, చేప తీసేసి చూస్తే అదే కంచం 35 దగ్గర ఆగిపోతుంది. "పథ్యంగా తింటున్నారు" అనుకునే చాలా ఇళ్లలో జరిగేది అదే.

తెల్లసొనకు అంత ప్రాధాన్యం ఎందుకంటే, ఒక్కోదానిలో 3.5 గ్రాముల దాకా ప్రొటీన్ ఉండి ఫాస్ఫరస్ 5 మిల్లీగ్రాములకు మించదు. పచ్చసొనలో ఫాస్ఫరస్ దానికి ఎన్నో రెట్లు. రోజుకు ఒక పూర్తి గుడ్డు, మిగిలినవి తెల్లసొన అన్నది చాలామందికి సరిపోయే సర్దుబాటు. ధర ప్రకారం చూసినా గుడ్డును మించింది లేదు.

శాకాహారులకు దారి కష్టమే గాని లేకపోలేదు. 50 గ్రాముల పనీర్ 9 గ్రాములిస్తుంది. 20 గ్రాముల మీల్‌మేకర్ దాదాపు 10 ఇస్తుంది. దాన్ని వేడి నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్లు పారబోసి వండితే పొటాషియం కొంత పోతుంది. పప్పును పూర్తిగా నిషేధించడం పాత పద్ధతి. 25 గ్రాముల కందిపప్పులో 5.5 గ్రాముల ప్రొటీన్‌తో పాటు సుమారు 350 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, లెక్కలో వేసుకుంటే అది మోయలేని బరువేమీ కాదు. అప్పటికీ 50 గ్రాములు దాటనివారికి కిడ్నీ రోగుల కోసం ప్రత్యేకంగా చేసిన ప్రొటీన్ పొడి అవసరమవుతుంది. అందులోనూ డయాలసిస్‌కు ముందు దశకు చేసినది వేరు, తర్వాతి దశకు చేసినది వేరు. డబ్బా మీద ఏది రాసి ఉందో చూడకపోతే తక్కువ ప్రొటీన్ పొడిని ఎక్కువ ధరకు కొన్నట్టవుతుంది. వ్యాయామశాలల్లో వాడే పొడులు దీనికి పనికిరావు, వాటిలో పొటాషియం, ఫాస్ఫరస్ కొలతలు వేరే అవసరానికి వేసినవి.

ప్రొటీన్ తింటే చాలదు, శక్తి కూడా అందాలి. కిలోకు 25–35 కిలోకేలరీలు, అంటే 60 కిలోలకు సుమారు 1,800. అంతకు తగ్గితే శరీరం తిన్న ప్రొటీన్‌నే పొయ్యిలో కట్టెగా వాడేస్తుంది. తెల్ల అన్నం, నూనె, కొద్దిగా నెయ్యి, సగ్గుబియ్యం ఉప్మా, షుగర్ లేనివారికి చక్కెర ఇక్కడ మిత్రులు. ఆరోగ్య సలహాల్లో నిత్యం తిట్లు తినే తెల్ల బియ్యానికి ఇక్కడ మర్యాద దక్కడానికి కారణం ఉంది: 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పొటాషియం 110 మిల్లీగ్రాములకు అటూ ఇటూ, రాగుల్లో 440 దాకా. అలాగని రాగి జావ విషం కాదు. 40 గ్రాముల పిండిలో పొటాషియం 180 మిల్లీగ్రాములకు మించదు. జావలో అసలు ఇబ్బంది రాగులతో కాదు, దానిలో పోసే గ్లాసున్నర నీళ్లతో.

ఉప్పు వెంటే నీరు

"రోజుకు లీటరు నీళ్లే" అని చెప్పి పంపిస్తే రోగి దాహంతో అల్లాడతాడు, చివరికి తాగేస్తాడు. తప్పు మనోబలానిది కాదు. రక్తంలో ఉప్పు గాఢత పెరిగితే మెదడు దాహం పుట్టిస్తుంది, గాఢత సమం అయ్యేదాకా ఊరుకోదు. శరీర ద్రవాల్లో ఉప్పు లీటరుకు సుమారు 9 గ్రాములు. అంటే బయటికి పోలేని ప్రతి 9 గ్రాముల ఉప్పూ ఒక లీటరు నీటిని పట్టి ఉంచుతుంది.

లెక్క వేసి చూస్తే: మూత్రం రాని 60 కిలోల మనిషి రోజుకు 10 గ్రాముల ఉప్పు తింటే మూడు రోజుల విరామంలో 30 గ్రాములు, అంటే 3.3 లీటర్ల నీరు చేరుతుంది. గుండెకు హాని లేకుండా మెషిన్ తీయగల వేగం గంటకు కిలో బరువుకు 13 మిల్లీలీటర్ల లోపు అన్నది సాధారణ హద్దు. నాలుగు గంటలకు అది 3.1 లీటర్లు. అంటే హద్దు దాటేసినట్టే. బలవంతంగా లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, ఇంటికెళ్లాక రోజంతా లేవలేని నీరసం. వదిలేస్తే ఊపిరితిత్తుల్లో నీరు, వెల్లకిలా పడుకుంటే ఆయాసం. అదే మనిషి 5 గ్రాములు తింటే మూడు రోజులకు చేరేది 1.7 లీటర్లే, సెషన్ సాఫీగా సాగుతుంది.

5 గ్రాములంటే అంచు సమంగా తీసిన ఒక చిన్న చెంచా. ఊరగాయ, అప్పడం, బేకరీ బిస్కెట్, హోటల్ సాంబారు అన్నీ అందులోనే. ఆవకాయలో ఉప్పు బరువులో దాదాపు పదో వంతు ఉంటుంది, 15 గ్రాముల ముక్కా పిండీ వేసుకుంటే గ్రామున్నర ఉప్పు. చల్ల మిరపకాయలు, ఎండు చేపలు ఇంకా ఎక్కువ. వంటింట్లో పనిచేసే చిట్కా ఒకటుంది: రోగి వాటా కూరను ఉప్పు వేయకముందే తీసి, రోజుకు 3–4 గ్రాముల ఉప్పు ఉన్న చిన్న డబ్బీ అతని చేతికే ఇవ్వడం. ఉడుకుతున్నప్పుడు వేసిన ఉప్పు కంటే పైన చల్లిన ఉప్పు నాలుకకు గట్టిగా తగులుతుంది, తక్కువతో సరిపోతుంది. నిమ్మరసం, ఇంగువ, మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు పోపు మిగతా లోటును చాలావరకు పూడుస్తాయి. రెండు మూడు వారాలకు నాలుక కొత్త రుచికి అలవాటు పడుతుంది.

సైంధవ లవణం వాడితే ఇబ్బంది లేదన్నది అపోహ, అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే. ప్యాకెట్ల మీద "తక్కువ సోడియం" అని రాసి అమ్మే ఉప్పు ఇంకా ప్రమాదం. తీసేసిన సోడియం స్థానంలో అందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు 5 గ్రాములు వాడితే దాదాపు 650 మిల్లీగ్రాముల పొటాషియం అదనం. బీపీ తగ్గించడానికి ఇలాంటి ఉప్పును 2025 జనవరిలో సిఫారసు చేసిన ప్రపంచ ఆరోగ్య సంస్థ, కిడ్నీ సమస్య ఉన్నవారికి ఆ సిఫారసు వర్తించదని అప్పుడే చెప్పింది. ఇంట్లో బీపీ ఉన్న పెద్దాయన కోసం తెచ్చిన ప్యాకెట్ డయాలసిస్ రోగి కూరలో పడటం సులభంగా జరిగిపోయే పొరపాటు.

ద్రవాల కోటా సాధారణంగా మూత్రం ఎంత వస్తే అంత, దానిపై 500–750 మిల్లీలీటర్లు. 24 గంటల మూత్రాన్ని నెలకోసారి కొలవాలి, ఎందుకంటే డయాలసిస్ కొనసాగేకొద్దీ అది తగ్గిపోతుంది, నిరుటి కోటా ఈ ఏడాదికి పనికిరాదు. చారు, మజ్జిగ, టీ, జావ, ఐస్ ముక్క అన్నీ లెక్కలోకే వస్తాయి. పొద్దున్నే ఆ రోజు కోటాను ఒక సీసాలో నింపి, టీ తాగినప్పుడు అంత నీరు సీసాలోంచి పారబోస్తే ఎంత మిగిలిందో కంటికి కనిపిస్తుంది. షుగర్ ఉన్నవారికి మరో మెలిక ఉంది. రక్తంలో చక్కెర 250, 300 ఉంటే ఉప్పు మానేసినా దాహం ఆగదు. వారికి నీటి కట్టడి షుగర్ అదుపుతోనే మొదలవుతుంది.

పొటాషియం: వండే తీరులోనే సగం

రక్తంలో పొటాషియం 6 దాటితే గుండె లయ తప్పే ముప్పు పెరుగుతుంది. కాళ్లలో బలహీనత ముందు కనిపించవచ్చు, ఏ లక్షణం లేకుండా నేరుగా గుండె ఆగిపోనూవచ్చు. వారంలో పెద్ద విరామం చివర, అంటే రెండు మూడు రోజులు డయాలసిస్ లేకుండా గడిచిన తర్వాత, ముప్పు ఎక్కువ. ఆ విరామంలో పెళ్లి భోజనం పడితే మరీను.

తిండిలో పొటాషియాన్ని సాధారణంగా రోజుకు 2,000–2,500 మిల్లీగ్రాముల దగ్గర మొదలుపెట్టి, రక్తపరీక్షను బట్టి పెంచుతారు లేదా తగ్గిస్తారు. 100 గ్రాములకు సుమారుగా మిల్లీగ్రాముల్లో: పాలకూర 550, బంగాళాదుంప 420, జామ 400, టమాట 240, బొప్పాయి 180, మామిడి 170, సొరకాయ, దోసకాయ 150, అనాస 110. ఒక మోస్తరు అరటిపండులో 400. ఒక కొబ్బరి బోండాం నీళ్లలో 600 పైనే, అదీ నేరుగా రక్తంలో కలిసేది. కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం చుట్టుపక్కల, ఎందరో కిడ్నీ రోగులున్న చోట ఈ ఒక్క సంగతి తెలియడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. నీరసంగా ఉందంటే బోండాం కొట్టి ఇవ్వడం అక్కడ మర్యాద, డయాలసిస్ రోగికి మాత్రం ప్రాణాంతకం.

కూరగాయల్లోని పొటాషియం నీటిలో కరుగుతుంది. ఈ ఒక్క గుణమే వంటను ఆయుధంగా మారుస్తుంది. చెక్కు తీసి, చిన్న ముక్కలుగా తరిగి, ముక్కలు మునిగి ఇంకా ఎన్నో రెట్లు ఉండేటన్ని నీళ్లలో ఉడికించి వారిస్తే బంగాళాదుంపలో సగం దాకా పోతుంది. తురుమైతే ముప్పావు వంతు. ఊరికే చల్లటి నీళ్లలో రాత్రంతా నానబెట్టడం వల్ల ఒరిగేది బహుస్వల్పం. నానబెట్టమని చాలాచోట్ల చెబుతారు గాని, పని చేసేది ఉడకబెట్టి వార్చడమే. వేపుడు, ఆవిరి మీద ఉడికించడం, కుక్కర్‌లో నీళ్లు ఇంకేలా వండటం, ఈ మూడింటిలోనూ పొటాషియం కూరలోనే మిగిలిపోతుంది.

ఇక్కడే మన వంటలో ఒక ఉచ్చు ఉంది. పప్పు ఉడికించి పైన తేరిన కట్టును చారుకు వాడతాం. పప్పులోంచి దిగిన పొటాషియం ఉండేది సరిగ్గా ఆ కట్టులోనే. పైన చింతపండు, టమాట, ఉప్పు. పల్చగా ఉంది, తేలిగ్గా ఉంది అనుకుని పప్పు మానేసి చారు పోస్తే ప్రొటీన్ తగ్గి, పొటాషియం, ఉప్పు, నీరు మూడూ పెరుగుతాయి. గంజి, ఆకుకూర ఉడికించిన నీళ్లు, మటన్ పాయా రసం అన్నింటికీ ఇదే సూత్రం. కిడ్నీలకు మంచిదని చెప్పి అమ్మే ఆకు రసాలు, కషాయాలు అయితే పొటాషియాన్ని వడగట్టి గ్లాసులో పోసినట్టే.

తిండి ఒక్కటే కారణం కాదన్న సంగతి తరచూ మరుగున పడుతుంది. రిపోర్టులో 6.2 రాగానే "ఏం తిన్నారు?" అని నిలదీస్తారు. కిడ్నీలు పనిచేయనప్పుడు పెద్దపేగు కొంత పొటాషియాన్ని బయటికి పంపే బాధ్యత తీసుకుంటుంది, మలబద్ధకం ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. బీపీకి వాడే టెల్మిసార్టన్, రామిప్రిల్ వంటివి, స్పైరనొలాక్టోన్ పెంచుతాయి. అదుపులేని షుగర్, రక్తంలో ఆమ్లం పేరుకోవడం పెంచుతాయి. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే ఒంట్లో లేని పొటాషియమూ రిపోర్టులో కనిపిస్తుంది. అన్నిటికంటే వింతగా అనిపించేది, ఉపవాసమూ పెంచుతుంది. తినకపోతే ఇన్సులిన్ తగ్గుతుంది, ఇన్సులిన్ తగ్గితే కణాల్లోని పొటాషియం రక్తంలోకి జారుతుంది. శివరాత్రి జాగారం, కార్తీక సోమవారం, రంజాన్ రోజా, ఏదైనా సరే. దానిపైన పండ్లు, కొబ్బరి నీళ్లు, ఖర్జూరాలతో విరమిస్తే రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి.

కొలతతో సంబంధం లేకుండా పూర్తిగా మానాల్సిన పండు ఒకటుంది: స్టార్ ఫ్రూట్. కారణం పొటాషియం కాదు, అందులోని కారంబాక్సిన్ అనే విషపదార్థం. మంచి కిడ్నీలు దాన్ని బయటికి పంపేస్తాయి. డయాలసిస్ రోగిలో ఒక్క పండు చాలు, ఆగని ఎక్కిళ్లతో మొదలై మతి తప్పడం, ఫిట్స్ వరకూ వెళ్లవచ్చు, ప్రాణాలూ పోయాయి. ఎక్కిళ్లు మొదలైతే వెంటనే డయాలసిస్ చేయాలి.

ఫాస్ఫరస్: మాత్ర వేళ తప్పితే వృథా

రోజుకు 900 మిల్లీగ్రాముల ఫాస్ఫరస్ తిని, అందులో 60 శాతం పేగులు పీల్చుకుంటే వారానికి దాదాపు 3,800 చేరుతుంది. ఒక్కో సెషన్ 700–800 తీస్తుందనుకుంటే మూడు సెషన్లకు 2,400 లోపే. రెండు సెషన్లకైతే 1,500. మిగిలినది నెలల తరబడి పేరుకుని దురదగా, ఎముకల నొప్పిగా, రక్తనాళాల గోడల్లో సున్నంగా బయటపడుతుంది. ప్రొటీన్ పెంచమంటూనే ఫాస్ఫరస్ తగ్గించమనడం పరస్పర విరుద్ధంగా కనిపిస్తుంది, ఎందుకంటే రెండూ ఒకే ఆహారంలో ఉంటాయి. ఆ ముడి విప్పేవి రెండు.

మొదటిది, ఏ ఫాస్ఫరస్ అన్నది. పప్పులు, గింజల్లో అది ఫైటేట్ రూపంలో ఉంటుంది, మన పేగులు సగానికి మించి పీల్చుకోలేవు. మాంసం, పాలలోది అంతకంటే కొంత ఎక్కువ చేరుతుంది. ఫ్యాక్టరీలో కలిపిన ఫాస్ఫేట్ దాదాపు మొత్తం చేరుతుంది. నల్లటి కోలాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం, నగ్గెట్లు, సాసేజ్‌లు, చీజ్ స్ప్రెడ్, ఇన్‌స్టంట్ నూడుల్స్‌లో ఫాస్ఫేట్ లవణాలు. నీరు పట్టి ఉంచడానికి ఐస్ రొయ్యలను కొన్నిసార్లు ఫాస్ఫేట్ ద్రావణంలో ముంచుతారు. ప్యాకెట్ మీద ఐఎన్ఎస్ (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చిన అంకెలు) 338 నుంచి 341, 450 నుంచి 452 కనిపిస్తే అవి ఇవే. ఐఎన్ఎస్ 508 కనిపిస్తే అది పొటాషియం క్లోరైడ్. చెరువు గట్టున కొన్న తాజా రొయ్యకూ, ఐస్ రొయ్యకూ తేడా ఈ ఫాస్ఫేట్‌లోనే ఉంది. చేపల్లో ముల్లుతో సహా నమిలే నెత్తళ్ల కంటే ముల్లు తీసిన పెద్ద చేప ముక్క మేలు, ఎముకలో ఫాస్ఫరస్ చాలా ఎక్కువ.

రెండోది మాత్ర. కాల్షియం అసిటేట్, సెవెలమర్ వంటివి రక్తంలో పనిచేయవు. పేగుల్లో తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకుని మలంతో బయటికి తీసుకెళ్తాయి. ఒక్కో మాత్ర పట్టుకునేది కొన్ని పదుల మిల్లీగ్రాములే. అందుకే అన్నం మధ్యలో వేసుకోవాలి, చికెన్ తిన్న పూట ఎక్కువ, మరమరాలు తిన్నప్పుడు అక్కర్లేదు. అన్ని మాత్రలూ ఒకేసారి రాత్రి పడుకోబోయే ముందు మింగేస్తే ఆ సమయానికి పేగుల్లో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. మందు వాడుతున్నా ఫాస్ఫరస్ దిగని చాలా సందర్భాల్లో ముందు అడగాల్సింది "ఎప్పుడు వేసుకుంటున్నారు?" అన్నదే.

డయాలసిస్ రోజు

వారానికి మూడుసార్లంటే ఏడాదికి 156 రోజులు. తెల్లవారుజామున బస్సెక్కి, సెంటర్లో వంతు కోసం ఆగి, నాలుగు గంటలు మంచం మీద ఉండి, ఇంటికి చేరేసరికి సాయంత్రం. ఆ రోజు చాలామందికి దక్కేది ఒక్క పూట తిండి. అమైనో ఆమ్లాలు పోయే రోజే తిండి కూడా లేని రోజు అవుతోంది. నెయ్యి రాసిన నాలుగు ఇడ్లీలు, రెండు ఉడికించిన గుడ్ల తెల్లసొన ఉన్న డబ్బా ఒకటి వెంట ఉంటే ఈ లోటు సగం తీరుతుంది.

మెషిన్ మీద ఉండగా తినొచ్చా అన్నదానిపై సెంటర్లు తలోమాట చెబుతాయి. తిన్నాక రక్తం పొట్ట వైపు మళ్లుతుంది, అదే సమయంలో మెషిన్ నీరు లాగుతుంటుంది కాబట్టి బీపీ పడిపోయే వీలుంది. బీపీ తరచూ పడేవారు ముందో వెనకో తినడమే మేలు. నిలకడగా ఉన్నవారు మొదటి గంటలో కొద్దిగా తింటే నష్టం తక్కువ. "మెషిన్ మీద ఉన్నప్పుడు అరటిపండు తిన్నా పోతుంది" అన్న మాటలో సగమే నిజం. అరగడానికి గంటలు పడుతుంది, చివరి గంటలో తిన్నది మెషిన్ తీసేశాకే రక్తంలో కలుస్తుంది.

షుగర్ రోగులకు ఈ సమయంలో చక్కెర పడిపోవడం మామూలే, కిడ్నీలు లేనప్పుడు ఇన్సులిన్ శరీరంలో ఎక్కువసేపు నిలుస్తుంది. అప్పుడు ఇవ్వాల్సింది మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్. బత్తాయి రసం, కొబ్బరి నీళ్లు, ఓఆర్ఎస్ కాదు, మూడింటిలోనూ పొటాషియం ఉంది.

పొట్టలో ద్రవం నింపి ఇంటి దగ్గర చేసుకునే పెరిటోనియల్ డయాలసిస్‌లో లెక్కలు మారతాయి. అది రోజూ జరుగుతుంది కాబట్టి పొటాషియం పేరుకోదు, కొందరికి తగ్గిపోయి అరటిపండు తినమని చెప్పాల్సి వస్తుంది. కానీ రోజుకు 5–15 గ్రాముల ప్రొటీన్ ద్రవంతో పోతుంది, పొట్టలో ఇన్ఫెక్షన్ వస్తే ఇంకా ఎక్కువ. 1.5 శాతం డెక్స్ట్రోస్ ఉన్న రెండు లీటర్ల సంచి నాలుగుసార్లు మారిస్తే సుమారు 75 గ్రాముల చక్కెర ఒంట్లో చేరుతుంది. అన్నం ఆ మేరకు తగ్గించాలే గాని గుడ్డు తగ్గించకూడదు.

రిపోర్టులో తగ్గిన అంకెలు

నెలనెలా రక్తపరీక్షలో క్రియాటినిన్ 9 నుంచి 6కు దిగితే ఇంట్లో సంబరం. డయాలసిస్ పద్ధతి మారకుండా, మూత్రం పెరగకుండా అది దిగిందంటే చాలాసార్లు కారణం కండరం కరిగిపోవడమే, క్రియాటినిన్ పుట్టేది కండరంలోనే కాబట్టి. డయాలసిస్‌కు ముందు తీసిన యూరియా, ఫాస్ఫరస్, పొటాషియం అన్నీ ఒక్కసారిగా "బాగా" కనిపిస్తే మనిషి తినడం మానేశాడేమో చూడాలి. అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) 4 దగ్గర ఉండటం మంచిది, 3.5 కంటే దిగితే ఆరా తీయాలి. ఇన్ఫెక్షన్ ఉన్నా, ఒంట్లో నీరు నిండినా అది తగ్గుతుంది కాబట్టి ఒక్క అంకెతో తీర్పు చెప్పలేం. మామూలు జనంలో లావు హానికరం, డయాలసిస్ రోగుల్లో మాత్రం కొంచెం ఒళ్లు ఉన్నవారే ఎక్కువ కాలం బతుకుతున్నట్టు ఎన్నో పరిశీలనల్లో తేలింది.

తూకం మోసం చేసే తీరు మరొకటి. సెషన్ చివర రోగి ఏ బరువుకు దిగాలో నిర్ణయించే డ్రై వెయిట్ 60 కిలోలని చార్టులో రాసి ఉంటుంది. జ్వరం వచ్చి పది రోజులు సరిగా తినక రెండు కిలోల కండ పోయినా మెషిన్ 60 దగ్గరే ఆపుతుంది. పోయిన కండ స్థానంలో రెండు లీటర్ల నీరు నిలిచిపోతుంది. తూకం అదే, బీపీ పెరుగుతుంది, రాత్రుళ్లు ఆయాసం వస్తుంది, మందు మోతాదు పెంచుతారు. దీనికి విరుగుడు మందు కాదు, డ్రై వెయిట్‌ను 58కి దించడం. ఆకలి తిరిగొచ్చి ఒకటి రెండు నెలలు బాగా తిన్నవారిలో ఇది తిరగబడుతుంది. ఒళ్లు పట్టినా చార్టులో పాత అంకే ఉంటే మెషిన్ ఉండాల్సిన నీటిని కూడా లాగేస్తుంది, ప్రతి సెషన్ చివరా పిక్కలు పట్టేస్తాయి. తిండిలో పెద్ద మార్పు వచ్చిన ప్రతిసారీ, తగ్గినా పెరిగినా, ఆ సంగతి డ్యూటీ డాక్టరుకు చెప్పి చార్టులో అంకె మార్పించుకోవాలి.